అదే మాట, అదే చోట

లెనర్డ్ కోహెన్ పాట మొదటిసారి విన్నప్పుడు నాకు నచ్చలేదు. ఘంటసాల పద్యాలు వింటూ పెరిగిన చెవి నాది. పాడేవాడు గొంతెత్తితే పక్క వీధి దాకా వినపడాలి, తారస్థాయికి వెళ్ళినవాడు అక్కడ కాసేపు నిలబడాలి అనుకునేవాణ్ణి. ఈయనేమో ప్రహరీగోడ అవతల నుంచి పక్కింటివాళ్ళతో మాట్లాడుతున్నట్టు పాడతాడు. స్వరాలు నాలుగైదుకి మించి కదలవు. కాసెట్ ఇచ్చిన ఆఫీసు మిత్రుడికి మర్నాడే తిరిగి ఇచ్చేయబోతే, "పాట వినకు, మాటలు విను" అన్నాడు. విన్నాను. ఆ తర్వాత పదిహేనేళ్ళు వింటూనే ఉన్నాను.

కోహెన్ 1934లో కెనడాలోని మాంట్రియల్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. మొదట కవి. తొలి కవితా సంపుటి 1956లో వచ్చింది. తర్వాత రెండు నవలలు రాశాడు. తొలి ఆల్బమ్ వచ్చిన 1967 నాటికి ఆయనకి ముప్ఫై మూడేళ్ళు. పాటల వ్యాపారంలో అది దాదాపు రిటైరయ్యే వయసు. ఇలా తన మాట తానే రాసుకుని, తానే వరస కట్టి, తానే పాడే మనిషిని ఇక్కడ సింగర్-సాంగ్‌రైటర్ అంటారు. మనకి అంతకంటే మంచి మాట ఉంది: వాగ్గేయకారుడు. శార్‌ఙ్గదేవుడు సంగీత రత్నాకరంలో పాటలోని మాటని మాతువు అనీ, స్వరరచనని ధాతువు అనీ అన్నాడు. రెండూ ఒకే మనిషివి అయితే ఆయన వాగ్గేయకారుడు.

అయితే మన పెద్ద వాగ్గేయకారుల్లో ఎవరి గొంతూ మనం వినలేదు. అన్నమయ్య మాటలు తిరుమలలో రాగిరేకుల మీద దొరికాయి గానీ, ఆయన ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో రేకు చెప్పదు. త్యాగయ్య కృతులు శిష్యపరంపరల గొంతుల్లోంచి వచ్చాయి. రాసినవాడే నిలబడి పాడితే ఎలా ఉంటుందన్న కుతూహలం నాకు చాలాకాలంగా ఉంది. 2009 ఏప్రిల్‌లో కోహెన్ ఓక్లండ్‌కి వస్తున్నాడని తెలిసినప్పుడు, టిక్కెట్టు ధర చూసి మా ఆవిడ నోరు నొక్కుకున్నా, కొన్నది అందుకే.

ఆయన మళ్ళీ స్టేజీ ఎక్కడం వెనక ఒక కథ ఉంది. తొంభైల్లో కొన్నేళ్ళు లాస్ ఏంజెలెస్ దగ్గర మౌంట్ బాల్డీ మీద జెన్ ఆశ్రమంలో ఉండి, 1996లో సన్యాసి దీక్ష కూడా తీసుకున్నాడు. కొండ దిగాక కొన్నేళ్ళకి చూసుకుంటే, ముసలితనానికి దాచుకున్న డబ్బు చాలావరకు మాయమైంది. కోర్టు ఆయన పక్షానే తీర్పు చెప్పింది గానీ డబ్బు చేతికి రాలేదు. దాంతో 2008 మే నెలలో, డెబ్భై మూడేళ్ళ వయసులో, కెనడాలోని ఫ్రెడరిక్టన్ నుంచి ఊరూరూ తిరగడం మొదలుపెట్టాడు. అంటే పొట్టకూటి కోసం బయల్దేరిన యాత్ర. ఇది గుర్తుపెట్టుకోవాలి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఓక్లండ్ పారమౌంట్ థియేటర్ 1931 నాటిది. గోడల నిండా బంగారు రంగు శిల్పాలు, మూడువేల సీట్లు. స్టేజీ మీద తివాచీలు పరిచి ఉన్నాయి. సూటూ టోపీ పెట్టుకున్న సన్నటి ముసలాయన పరిగెత్తుకుంటూ వచ్చాడు. రెండో పాట అయ్యేసరికి నాకు అర్థమైంది, కాసెట్లో విన్న గొంతు ఇది కాదని. వయసుతో అది ఎంత కిందకి దిగిందంటే, స్వరం కంటే ముందు కుర్చీలో అదురు తెలుస్తోంది. నలభై ఏళ్ళ నాటి పాటలు, కుర్రాడు రాసిన మాటలు. ఆ కుర్రాడికి తెలియనివన్నీ తెలిసిన మనిషి వాటిని పాడుతున్నాడు. మాట మారలేదు, వరసా మారలేదు. అర్థం మారింది.

వాద్యబృందంలో స్పెయిన్ నుంచి వచ్చిన హవియెర్ మాస్ ఉన్నాడు. ఆయన చేతిలో బందూర్రియా, లవూద్ లాంటి తీగవాద్యాలు. యూదుల ప్రార్థన ఒకటి ఆధారంగా కోహెన్ 1974లో చేసిన 'హూ బై ఫైర్' పాటకి ముందు, ఆయన ఒక్కడే తాళం లేకుండా చాలాసేపు వాయించాడు. ఆలాపన తెలిసినవాళ్ళకి అక్కడ పరాయితనం అనిపించదు. కోహెన్ ఆయన ఎదుట టోపీ తీసి గుండెకి ఆనించుకుని, మోకాళ్ళ మీద కూర్చుని విన్నాడు.

రెండో భాగంలో 'టవర్ ఆఫ్ సాంగ్'. పిల్లల బొమ్మలాంటి చిన్న కీబోర్డు ముందు నిలబడి, ఒంటివేలితో వాయిస్తూ పాడాడు. తన గొంతుని తానే వేళాకోళం చేసుకునే చోట హాలంతా ఈలలు. పాటల మధ్య కబుర్లూ చెప్పాడు. కిందటిసారి ఇలా స్టేజీ ఎక్కినప్పుడు తనకి అరవై ఏళ్ళనీ, ఏవో పిచ్చి కలలు కనే కుర్రాణ్ణనీ అన్నాడు. ఆ క్షణాన తోచిన మాటలాగే ఉంది. పక్క సీటావిడా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం. 'హాలెలూయా' పాటలో, నేను మిమ్మల్ని మోసగించడానికి రాలేదని చెప్పుకునేచోట మా ఊరి పేరు కలిపాడు. నా కళ్ళు చెమర్చాయి. మూడుగంటల కచేరీ ముగిశాక ఆయన గెంతుకుంటూ స్టేజీ దిగాడు. ఇంటికెళ్ళేదాకా కారులో నేను రేడియో పెట్టలేదు.

ఆ వారాంతంలో 'లైవ్ ఇన్ లండన్' సీడీలు కొన్నాను. 2008 జులై 17న లండన్ ఓ2 హాల్లో జరిగిన కచేరీ అది. కొన్నందుకు బాధపడ్డాను. అరవై ఏళ్ళ కుర్రాడి హాస్యం అక్కడా ఉంది, అదే విరామంతో. బృందాన్ని పరిచయం చేసే విశేషణాలు అవే. మోసగించడానికి రాలేదన్న చోట మా ఊరికి బదులు లండన్. ఆ హాల్లో వినయం, కృతజ్ఞత, తడబాటు అని నేను అనుకున్నవన్నీ తొమ్మిది నెలల ముందే కుదిరిపోయి ఉన్నాయి. నిజాయితీ గురించి చెప్పే వాక్యంలో ఊరి పేరుకి ఖాళీ వదిలిపెట్టిన మనిషిని నమ్మడం ఎలా? డబ్బు కోసం బయల్దేరిన యాత్ర అన్నది అప్పుడు మళ్ళీ గుర్తొచ్చింది. నెల రోజులు ఆ సీడీల జోలికి పోలేదు.

వాటిని మళ్ళీ చేతికిచ్చింది చిన్నప్పటి సంగతి ఒకటి. శ్రీరామనవమి పందిట్లో మా ఊళ్ళో హరికథ జరిగింది. లక్ష్మణమూర్ఛ ఘట్టంలో దాసుగారు చిడతలు ఆపేసి, గొంతు పూడుకుపోయి, ఉత్తరీయం చెంగుతో కళ్ళొత్తుకున్నారు. పందిరంతా ఏడ్చింది, నేనూ ఏడ్చాను. మూడోరోజు పక్కూళ్ళో అదే కథ. తాతయ్యతో బండెక్కి వెళ్ళాను. అదే పద్యం తర్వాత చిడతలు ఆగాయి. అదే చెంగు, అవే కళ్ళు. తిరిగొస్తూ బండిలో, "దొంగేడుపు తాతయ్యా!" అన్నాను. తాతయ్య కాసేపు ఊరుకుని, "ఒరే, మొన్న ఏడ్చాడని ఇవాళ ఏడవకూడదా? లక్ష్మణుడు ఇవాళా పడిపోయాడు కదా" అన్నాడు.

ఆ మాట పట్టుకుని మళ్ళీ విన్నాను. ఒక తేడా ఒప్పుకోవాలి. లక్ష్మణుడి కథ అందరిదీ. కోహెన్ చెప్పేది తన కథ. సొంత దుఃఖాన్ని రాత్రికొకసారి అదే కొలతలో వడ్డించడం వేరు. కానీ జాగ్రత్తగా వింటే, ఆ ముసలాయన ఆ పాటల్ని సొంత కథలుగా పాడటం లేదు. ఎవరో పూర్వకవి తనకి అప్పగించి వెళ్ళిన పాఠంలా, అక్షరం జారకుండా అప్పజెబుతున్నాడు. నేను వినయం అనుకున్నది నిజానికి క్రమశిక్షణ. 2001లో పాటగా రికార్డు చేసిన 'ఎ థౌజండ్ కిసెస్ డీప్'ని కచేరీలో వరస వదిలేసి, కవితగా చదివాడు. ధాతువు తీసేసినా మాతువు నిలబడుతుందా అని పరీక్ష పెట్టినట్టుంది. నిలబడింది.

ఇంకో చోట తన గొంతునే తీసేశాడు. 'ఇఫ్ ఇట్ బి యువర్ విల్' పాటలో మొదటి మాటలు చదివి, మిగతాది వెబ్ అక్కచెల్లెళ్ళకి వదిలేసి, చీకట్లో తలవంచుకుని నిలబడ్డాడు. ఒకామె చేతిలో హార్ప్, ఒకామె చేతిలో గిటారు. 'బూగీ స్ట్రీట్' అయితే షారన్ రాబిన్సన్ పాడింది. ఆయనతో కలిసి ఆ పాట కట్టింది కూడా ఆవిడే. రాసినవాడే పాడితే ఎలా ఉంటుందో చూద్దామని వెళ్ళిన నాకు, రాసినవాడు పక్కకి తప్పుకుంటే ఎలా ఉంటుందో కనబడింది. త్యాగయ్య శిష్యులు మొదటిసారి పాడుతుంటే ఆయన ఇలాగే విన్నాడేమో.

లోపాలు లేవని కాదు. వాద్యాల మెరుగు మరీ ఎక్కువైంది. కొన్ని పాటల్లో ఊదే వాద్యాలు, కీబోర్డు కలిసి ఖరీదైన హోటల్ లాబీని గుర్తుకు తెచ్చాయి. గరుకుగా ఉండాల్సిన 'బర్డ్ ఆన్ ద వైర్' నున్నబడింది. ఆయన పాటల్లో స్త్రీలు వచ్చి, వెలుగునిచ్చి, వెళ్ళిపోతారు. వాళ్ళ వైపు కథ మాత్రం వినబడదు. ఇవన్నీ ఆ రాత్రి హాల్లో నాకు తట్టలేదు. తర్వాతే తట్టాయి.

2009 సెప్టెంబరులో స్పెయిన్‌లోని వలెన్సియాలో ఆ 'బర్డ్ ఆన్ ద వైర్' పాడుతూనే కోహెన్ స్టేజీ మీద సొమ్మసిల్లి పడిపోయాడు. మూడు రోజుల తర్వాత, తన డెబ్భై అయిదో పుట్టినరోజున, బార్సెలోనాలో మళ్ళీ పాడాడు. యాత్ర 2010 డిసెంబరులో లాస్ వెగాస్‌లో ముగిసేసరికి కచేరీలు రెండు వందలు దాటాయి. ఆ తర్వాతా మరో యాత్ర చేశాడు. డబ్బు కోసమే అయితే ఎప్పుడో ఆపేయవచ్చు. 2016 నవంబరు 7న, ఎనభై రెండేళ్ళ వయసులో పోయాడు.

ఆ లండన్ సీడీలు ఇప్పటికీ నా దగ్గరున్నాయి. అరవై ఏళ్ళ కుర్రాడి మాట ఎక్కడొస్తుందో, జనం ఎక్కడ నవ్వుతారో నాకు కంఠతా వచ్చు. ఇప్పుడు ఆ చోటు కోసం ఎదురుచూస్తాను. వచ్చినప్పుడు నవ్వుతాను.