జనరల్ గారి కాలరు

న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో జనరల్ విలియం టెకుమ్సే షెర్మన్ కంచు ఛాతీ విగ్రహం ఒకటుంది. అందమైన మొహం కాదది. చెదిరిన పొట్టి జుట్టు, ముడతల నుదురు, మాసిన గడ్డం, బిగించిన పెదవులు. అమెరికా అంతర్యుద్ధంలో, 1864లో, అట్లాంటా నుంచి సవన్నా దాకా రైలు పట్టాలు పీకించి, గిడ్డంగులు తగలబెట్టించిన సేనాని ఆయన. దక్షిణాదిలో ఆ పేరు చాలాకాలం చేదుగానే మిగిలింది. ఆ కాఠిన్యాన్ని శిల్పి దాచలేదు.

శిల్పి అగస్టస్ సెయింట్ గాడెన్స్‌కి షెర్మన్ అంటే ఎనలేని గౌరవం. 1888లో 68 ఏళ్ల ఆ జనరల్‌ని 18 సార్లు, సుమారు రెండేసి గంటల చొప్పున, ఎదురుగా కూర్చోబెట్టుకుని మట్టిలో మొహం దిద్దాడు. కాలరు, టై కాస్త సర్దుకోమని అడిగితే, నా కోటు నా ఇష్టమొచ్చినట్టు వేసుకుంటానని పెద్దాయన కసిరాడట. అది శిల్పానికే మేలైంది. అంతకు యాభై ఏళ్ల ముందు హైరమ్ పవర్స్ అనే శిల్పి అమెరికా అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్‌ని పాలరాతిలో చేసినప్పుడు పళ్లూడిన నోటిని నిజాయితీగా చూపించి, ఒంటికి మాత్రం రోమన్ల ఉత్తరీయం చుట్టాడు. షెర్మన్ తన కోటులోనే ఉన్నాడు.

మట్టి ఎండితే పగులుతుంది. అందుకని దాని మీద ప్లాస్టర్‌తో అచ్చు తీసి, ఆ అచ్చులోంచి ప్లాస్టర్ బొమ్మ తీస్తారు. ఆనాటి అమెరికా పోతశాలల్లో ఎక్కువగా నడిచింది ఫ్రాన్స్ నుంచి నేర్చిన ఇసుక పోత. ప్లాస్టర్ బొమ్మ చుట్టూ సన్నటి ఇసుకను ముక్కలు ముక్కలుగా దట్టిస్తారు. చెవి వెనక ఒక ముక్క, గడ్డం కింద ఒక ముక్క. ఏదీ పట్టేయకుండా ఊడి రావాలి. బొమ్మను బయటికి తీసి, లోపలికి ఇసుకతోనే ఒక దిమ్మ చేసి, దాని పైపొరను కొద్ది మిల్లీమీటర్లు గీకేస్తారు. గీకిన మేరకు మిగిలిన సందులోకే కరిగిన కంచు, అంటే తొమ్మిది పాళ్ల రాగికి ఒక పాలు తగరం, పోస్తారు. గాలి పోయే దారి మూసుకుపోతే చెంపలో బొక్క పడుతుంది. మన ఆదిలాబాద్ ఓజులు డోక్రా బొమ్మలకు తరతరాలుగా వాడే మైనపు పోత అమెరికాలో నిలదొక్కుకున్నది ఆ శతాబ్దం చివర్లోనే.

నా దృష్టిలో అసలు పరీక్ష పోత అయ్యాకే. అతుకుల గీతలు ఆకురాయితో రాకాలి, కానీ చెయ్యి కాస్త ఎక్కువ ఆడితే శిల్పి బొటనవేలు మట్టిలో వదిలిన ఒత్తుడు కూడా పోతుంది. షెర్మన్ మొహానికి ప్రాణం ఆ ఒత్తుళ్లే. వెలుగు గుంటల్లో ఆగి, గట్ల మీద జారినప్పుడే ముడత ముడతలా కనిపిస్తుంది. ఆ తర్వాత లోహాన్ని వేడిచేసి, లవణాలు పూసి రంగు తెప్పించి, మైనం రుద్దుతారు.

మ్యూజియంలో ఉన్న ప్రతిని పోసింది 1910లో. అప్పటికి సెయింట్ గాడెన్స్ పోయి మూడేళ్లయింది. ప్లాస్టర్ పదిలంగా ఉంటే కంచు ఎప్పుడైనా పోయవచ్చు. ఎదుట మనిషి కూర్చుంటేనే తప్ప దొరకనిది మాత్రం ఆ 18 సార్లలోనే దొరికింది. 1891లో షెర్మన్ చనిపోయాక, సెంట్రల్ పార్క్ మూలన 1903లో నిలబెట్టిన గుర్రపు స్వారీ విగ్రహానికి ఆయన మొహం కావలసి వచ్చినప్పుడు, సెయింట్ గాడెన్స్ మళ్లీ ఈ తల దగ్గరికే వచ్చాడు.