వెలుగులోకి రావడం: సమకాలీన జనప్రియ సంగీతంలో జానపద గాయకుల ‘ఆవిష్కరణ’ – ఒక పరిశీలన

ప్రవేశిక

ఒక కళాకారుణ్ణి లోకం కొత్తగా గుర్తించినప్పుడు ‘వెలుగులోకి వచ్చాడు’ అంటాం. గుర్తించినవారిని ‘వెలుగులోకి తెచ్చినవారు’ అని గౌరవిస్తాం. ఈ నుడికారంలో ఒక నిర్ణయం దాగి ఉంది. వెలుగులోకి వచ్చినవాడు అంతవరకు చీకటిలో ఉన్నాడన్నదే ఆ నిర్ణయం. ఆ చీకటి ఎవరిది? కళాకారుడిదా, అతణ్ణి అంతవరకు చూడనివారిదా? గత కొన్నేళ్లుగా తెలుగు సినిమా పాట, ప్రైవేటు గీతాలు, యూట్యూబ్ వేదికలు జానపద గాయకులను వరుసగా ‘పరిచయం’ చేస్తున్న నేపథ్యంలో ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

ఆవిష్కరణ – రెండు రీతులు

తెలుగు సాహిత్య చరిత్రకు ఆవిష్కరణ కొత్త విషయం కాదు. మానవల్లి రామకృష్ణకవి 1909లో నన్నెచోడుని కుమారసంభవాన్ని ప్రకటించారు. అంతకుముందు ఆ కావ్యం పండితులకు సైతం తెలియదు. కవి పేరే మరుగున పడింది. దాన్ని ఆవిష్కరణ అనడంలో అతిశయోక్తి లేదు. సి.పి. బ్రౌన్ 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించడం వేరే రీతికి చెందింది. వేమనను జనం మరచిపోలేదు. ఆయన పద్యాలు అప్పటికే నాలుకల మీద ఉన్నాయి. బ్రౌన్ కృషి విలువైనదే. అయితే ఆయన చేసింది పోయినదాన్ని వెతికి తేవడం కాదు, ఒక సమూహానికి బాగా తెలిసినదాన్ని మరొక సమూహానికి చేర్చడం.

మొదటిది పునరుద్ధరణ, రెండవది పరిచయం. నేటి జనప్రియ సంస్కృతి చేస్తున్నది ఎక్కువగా రెండవ పని. కాని ఆ పనికి మొదటిదాని గౌరవాన్ని కోరుకుంటున్నది. ఈ తారుమారు వల్ల కళాకారుని పూర్వచరిత్ర చెరిగిపోతుంది. అతని కళాజీవితం పాట విడుదలైన రోజుతో మొదలైనట్లు కనిపిస్తుంది.

పన్నెండు మెట్ల కిన్నెర

‘భీమ్లా నాయక్’ శీర్షిక గీతం 2021 సెప్టెంబరులో విడుదలైంది. తమన్ సంగీతం, రామజోగయ్య శాస్త్రి సాహిత్యం. ఆ పాట దర్శనం మొగులయ్య గొంతుతో, కిన్నెరతో ఆరంభమవుతుంది. చాలామంది నగర శ్రోతలకు ఆయన పేరు ఆ రోజే తెలిసింది. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన మొగులయ్య అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే పాలమూరు ఊళ్లలో పండుగ సాయన్న, మియాసాబ్ కథలు పాడుతున్నారు. 2015లో రాష్ట్ర ప్రభుత్వ ఉగాది పురస్కారం అందుకున్నారు. జానపద వాద్యాల సేకరణకు పూనుకున్న జయధీర్ తిరుమలరావు వంటి పరిశోధకులకు ఆయన అప్పటికే పరిచితులు. అంటే సినిమా కంటే ముందు ఊరు, ఆ తరువాత పరిశోధకులు, ఆపై ప్రభుత్వం ఆయనను ఎరుగుదురు. సినిమా ఈ వరుసలో నాలుగవది.

పాట నిర్మాణాన్ని గమనిస్తే మరొక అంశం తెలుస్తుంది. మొగులయ్య గొంతు నాయకుని పుట్టుపూర్వోత్తరాలు చెబుతుంది. వంశాన్ని కీర్తించడం, వీరుణ్ణి పొగడడం కిన్నెర కథకునికి సంప్రదాయంగా వచ్చిన పనే. ఆ మేరకు సంగీత దర్శకుని ఎంపిక ఔచిత్యం గలది. కాని ఆ పరిచయం ముగియగానే తాళవాద్యాల హోరు, ఇతర గాయకుల గళాలు పాటను అందుకుంటాయి. కథకుడు గడప దగ్గరే ఆగిపోతాడు. సంప్రదాయంలో పొగడ్త తరువాత కథ మొదలవుతుంది, ఇక్కడ పొగడ్తతోనే కథకుని అవసరం తీరిపోతుంది.

దృశ్యరూపకల్పనలోనూ ఇదే తీరు. ఎండిన సొరకాయ బుర్రలు, వెదురు, మైనంతో కూర్చిన మెట్లు ఉన్న కిన్నెర చూపును వెంటనే పట్టుకుంటుంది. చిత్రీకరణ దాన్ని ఆకర్షణీయమైన వస్తువుగా చూపింది. అయితే కిన్నెర ఆకృతి అలంకారం కోసం ఏర్పడినది కాదు. డక్కలి కళాకారుడు భుజాన వేసుకొని ఊరూరా తిరగడానికి, ఇంటి ముంగిట నిలబడి వాయిస్తూ పాడడానికి అనువుగా రూపొందినది. అడవిలో, చేలో దొరికే సామగ్రితో తానే చేసుకోగలిగినది. ఆ జీవిక నుంచి విడదీసి చూపినప్పుడు వాద్యం కేవలం ‘గ్రామీణత’కు గుర్తుగా మిగులుతుంది.

2022లో కేంద్ర ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ప్రకటించింది. 2024లో ఆయన భవన నిర్మాణ స్థలంలో కూలిపని చేస్తున్నట్లు వార్తలు వచ్చాయి. ఈ రెండు సంఘటనల నడుమ ఉన్నది రెండేళ్ల వ్యవధి మాత్రమే. గుర్తింపు వేరు, జీవిక వేరు అని చెప్పడానికి ఇంతకంటే వేరే నిదర్శనం అక్కరలేదు.

కథలోనే చోటు: ‘బలగం’

వేణు ఎల్దండి దర్శకత్వంలో 2023 మార్చిలో విడుదలైన ‘బలగం’ పతాక సన్నివేశంలో వరంగల్ జిల్లా దుగ్గొండికి చెందిన బుడగ జంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడతారు. ఇంటి పెద్ద మరణానంతర కర్మ జరుగుతుంటే, వచ్చినవారి ముందు చనిపోయినవాని మాటగా, మనసుగా పాట సాగుతుంది. విడిపోయిన కుటుంబం ఆ పాట వింటూనే కలుస్తుంది.

పై పాటకూ దీనికీ ఉన్న భేదం కళాకారులకు దక్కిన నిడివిలో లేదు, వారికి అప్పగించిన పనిలో ఉంది. చావు ఇంట కథ చెప్పడం, పోయినవారిని తలచి ఉన్నవారిని ఓదార్చడం ఈ కళాకారులు ఊళ్లలో చేసే పనే. సినిమా వారి చేత ఆ పనినే చేయించింది. కథ తనంతట తాను పరిష్కరించుకోలేని చిక్కును వారి పాటకు వదిలిపెట్టింది. పాటను తీసివేస్తే సినిమాకు ముగింపు లేదు. అందువల్ల ఇక్కడ ప్రేక్షకుడు ఒక కొత్త గొంతును విన్నాడనడం కంటే, ఆ గొంతు సమాజంలో ఏ పని చేస్తుందో గ్రహించాడనడం సరైనది. ఊళ్లలో జనం తెర కట్టుకొని ఈ సినిమాను సామూహికంగా చూడడంలో ఈ గ్రహింపు పాత్ర కూడా ఉందని భావించవచ్చు.

అయితే కళాత్మకమైన న్యాయం కళాకారుని జీవితానికి రక్షణ కాదు. మూత్రపిండాల వ్యాధితో బాధపడిన మొగిలయ్య 2024 డిసెంబరులో మరణించారు. ఆయన చికిత్సకు దాతలు సహాయం చేశారు. ఒక కళాకారుని ఆరోగ్యం దాతల దయ మీద ఆధారపడవలసి రావడం ఆయన ఒక్కరి కష్టం కాదు, ఈ రంగపు నిర్మాణంలోని లోపం.

అద్దంలో ముఖం

2018లో తూర్పు గోదావరి జిల్లా వడిశలేరుకు చెందిన పసల బేబి పాడిన పాట సామాజిక మాధ్యమాల్లో విస్తృతంగా వ్యాపించింది. సినీ ప్రముఖులు ఆమెను అభినందించారు, అవకాశాలు ఇచ్చారు. ఆమె గాత్రశుద్ధి నిజంగా ప్రశంసార్హం. కాని ఆమె పాడినది ‘ప్రేమికుడు’ సినిమాలోని పాట అన్న విషయం గమనార్హం. శ్రోతకు ఆ పాట ముందే తెలుసు. మూలంతో పోల్చుకొని, ఎంత దగ్గరగా పాడిందో చూసి ఆశ్చర్యపోయాడు. జనప్రియ మాధ్యమం తన పాటను మరొక గొంతులో విని ఆ గొంతును గుర్తించింది. అదే గొంతు నాట్ల పాటో, దంపుళ్ల పాటో పాడి ఉంటే అంత వేగంగా ఆ గుర్తింపు లభించేదా అన్నది ఆలోచించవలసిన ప్రశ్న.

పేరు లేని పాట

గాయకుడు కాక పాటే ‘ఆవిష్కృత’మైనప్పుడు సమస్య మరింత జటిలమవుతుంది. ‘లవ్ స్టోరీ’ సినిమాలోని ‘సారంగ దరియా’ 2021లో విడుదలై, మంగ్లి గానంతో విశేష ఆదరణ పొందింది. జానపద పల్లవిని తీసుకొని సుద్దాల అశోక్‌తేజ చరణాలు రచించారు. ఆ పాటను అంతకుముందే సేకరించి వేదిక మీద పాడిన ఒక గాయని తనకు గుర్తింపు ఇవ్వాలని కోరడంతో చర్చ చెలరేగింది. జానపదం అందరిది కాబట్టి ఎవరిదీ కాదన్నది ఒక వాదం. అందరిదైనా అది ఎవరో ఒకరి గొంతు ద్వారానే మనకు చేరుతుందన్నది మరొక వాదం. రెండవ వాదాన్ని కాదనడం కష్టం. మూలకర్త అజ్ఞాతుడు కావచ్చు, అందించిన వ్యక్తి అజ్ఞాతుడు కాడు.

పరిశోధకుల బాధ్యత

ఈ విమర్శను సినిమాకు పరిమితం చేయడం న్యాయం కాదు. బిరుదురాజు రామరాజు 1956లో ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి జానపద గేయ సాహిత్యంపై డాక్టరేటు పొందిన నాటి నుంచి తెలుగు శాఖలు వేల పాటలను సేకరించాయి. ఆ సంపద వెలకట్టలేనిది. కాని మన సిద్ధాంత గ్రంథాల్లో ఆ పాటలు పాడినవారి స్థానం ఎక్కడ? తరచుగా చివరి అనుబంధంలో, ‘వక్తల పట్టిక’లో, వయసుకూ కులానికీ ఊరికీ నడుమ ఒక పేరుగా ఉంటారు. ఏ పాటను ఎవరి దగ్గర నేర్చారు, ఎందుకు ఆ చరణాన్ని మార్చారు, ఏ పాటను తమ పాటల్లో మేలైనదిగా ఎంచుకుంటారు అన్న ప్రశ్నలు అరుదుగా కనిపిస్తాయి. కవిని అడిగే ప్రశ్నలు గాయకురాలిని అడగలేదు. సినిమా ఆమెను పాట గడప దగ్గర నిలబెడితే, మనం గ్రంథం పెరటిలో నిలబెట్టాం.

ముగింపు

పై పరిశీలన ఆధారంగా, ఒక కళాకారుని ‘ఆవిష్కరణ’ను విలువ కట్టేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలని ప్రతిపాదించవచ్చు. ఆ కళాకారుడు ఇంతకుముందు ఎవరికి తెలుసు? కొత్త కృతిలో అతని కళ తన పని తాను చేస్తున్నదా, అలంకారంగా మిగిలిందా? వెలుగు తొలగిన తరువాత అతనికీ అతని కళకూ మిగిలినదేమిటి? మొదటి ప్రశ్న చరిత్రకు, రెండవది సౌందర్యానికి, మూడవది న్యాయానికి సంబంధించినవి. ‘భీమ్లా నాయక్’ గీతం రెండవ ప్రశ్నకు సగమే సమాధానం చెబుతుంది. ‘బలగం’ పూర్తిగా చెబుతుంది. మూడవ ప్రశ్నకు ఆ రెండింటి వద్దా సమాధానం లేదు, మన గ్రంథాల వద్దా లేదు.

మొగిలయ్య మరణించారు. ఆయనతోపాటు పాడిన కొమురమ్మకు వచ్చిన కథలెన్ని, వాటిలో నమోదైనవి ఎన్ని అన్నది తెలుగు పరిశోధన వెంటనే తేల్చుకోవలసిన విషయం. ఆమెను మళ్లీ ఎవరో వెలుగులోకి తేవలసిన అవసరం లేదు. మనమే ఆమె ఉన్నచోటికి వెళ్లి, కూర్చొని, కథ చివరిదాకా వినాలి.