గురువారం కుండ

కాడిల్‌ని మొదటిసారి చూసి నోరూరిందని చెప్పినవాళ్లు నాకు ఇంతవరకు తగల్లేదు. గిన్నెలో పల్చటి, బూడిదరంగు రసం. అందులో సగం కరిగిపోయిన బంగాళాదుంపలు, మెత్తబడ్డ ఉల్లిపాయ పొరలు, నడుమ పాలిపోయిన సాసేజ్‌లు. వేపుడు ఎరుపు వెతికినా దొరకదు. పైన చల్లిన పార్స్లీ ఆకు ఒక్కటే కాస్త రంగు. దీని రూపం మీద అందరికంటే ఎక్కువ హాస్యాలాడేది డబ్లిన్ వాళ్లే. ఊరు విడిచి ఎక్కడో స్థిరపడ్డాక కూడా, చలిగాలి మొదలవగానే దీన్ని తలుచుకునేదీ వాళ్లే.

ఐర్లండ్ అంతటా ఎరిగిన వంట గొర్రెమాంసంతో చేసే ఐరిష్ స్ట్యూ. కాడిల్ మాత్రం రాజధాని డబ్లిన్‌ది, అందులోనూ ఆ నగరంలోని పేద పేటలది. పంది మాంసపు సాసేజ్‌లు, అక్కడ రాషర్లని పిలిచే బేకన్ ముక్కలు, బంగాళాదుంపలు, ఉల్లిపాయలు, మిరియాల పొడి, నీళ్లు. అంతే. సన్న సెగ మీద, మరగనివ్వకుండా ఉడికించడానికి ఇంగ్లిష్‌లో ఉన్న పాత క్రియాపదమే దీని పేరు. అదే మాటకు గారాబం చేయడమనే అర్థం కూడా ఉంది. వండే తీరు చూస్తే రెండు అర్థాలూ సరిపోతాయి.

ఈ వంటకు ఒక వారం ఉంది. అది గురువారం. కాథలిక్కులకు అప్పట్లో శుక్రవారం మాంసం నిషిద్ధం. ఇంట్లో ఫ్రిజ్ లేని రోజుల్లో వారమంతా కొని వాడగా మిగిలిన నాలుగు సాసేజ్‌లు, రెండు బేకన్ ముక్కలు శనివారం దాకా ఆగవు. గురువారం రాత్రికే ఖర్చు కావాలి. విడివిడిగా వేయిస్తే ఇద్దరికి కూడా చాలవు. దుంపలు, ఉల్లిపాయలు దండిగా వేసి, నీళ్లు పోసి కుండకెక్కిస్తే ఎనిమిది మందికి సరిపోతాయి. భర్త పబ్ నుంచి ఏ వేళకు వస్తాడో తెలియదు కాబట్టి ఇల్లాలు కుండను పొయ్యి వారన ఉంచి పడుకునేదని కూడా చెప్పుకుంటారు. గంట ఆలస్యమైనా పాడవని వంట ఇది. ‘గలివర్’ రాసిన జొనాథన్ స్విఫ్ట్‌కి కాడిల్ ప్రీతి అని కూడా అంటారు. ప్రతి ఊరికీ తన వంటను ఒక మహారచయిత చేత తినిపించాలని ఉంటుంది కదా!

ఆ ఇళ్లు ఎలాంటివో తెలిస్తే వంట ఎందుకలా ఉందో తెలుస్తుంది. డబ్లిన్‌లో 14 హెన్రియెట్టా స్ట్రీట్ అనే భవనం ఉంది. 18వ శతాబ్దంలో సంపన్నుల కోసం కట్టారు. తర్వాత గదులు గదులుగా అద్దెకిచ్చారు. 1911 జనాభా లెక్కల నాటికి ఆ ఒక్క ఇంట్లో 100 మంది ఉన్నారు. ఇప్పుడది మ్యూజియం. ఒక గదిలో ఒక కుటుంబం, ఒక పొయ్యి, ఒక కుండ. ఆ పొయ్యి మీద నీళ్లు కాగాలి, బట్టలు ఆరాలి, అన్నానికీ దారి దొరకాలి. పళ్లెంలో నాలుగు రకాలు పెట్టే వంటకు అక్కడ చోటే లేదు. అన్నీ ఒకే కుండలో, ఒకే సెగ మీద, చూసే మనిషి లేకుండా ఉడకాలి.

ఇది మనం ఎరగని పద్ధతేం కాదు. మన పల్లెల్లో పాలకుండకు దాలి ఉండేది. పిడకల నిప్పు మీద పొద్దున్న పెట్టిన పాలు సాయంత్రం దాకా పొంగకుండా కాగి, ఎర్రటి మీగడ కట్టేవి. ఇంటివాళ్లంతా పొలంలో ఉంటే పని చేసేది ఆ నిప్పు ఒక్కటే. దాలి తెలిసినవాళ్లకు కాడిల్ గురించి పెద్దగా విడమరచనక్కర్లేదు.

ఇప్పుడు డబ్లిన్‌లో చాలామంది దీన్ని స్లో కుక్కర్‌లో వండుతున్నారు. ఆ యంత్రం పుట్టుకలో కూడా ఒక మత నియమమే ఉండటం విచిత్రం. విశ్రాంతి దినమైన సబ్బాత్ నాడు యూదులు నిప్పు రాజేయకూడదు, వంట చేయకూడదు. శనివారం మధ్యాహ్నం వేడి భోజనం కావాలంటే శుక్రవారం పొద్దు గుంకక ముందే కుండ నిప్పు మీదికి చేరాలి. మాంసం, చిక్కుడు గింజలు, బార్లీ, దుంపలు కలిపి రాత్రంతా ఉడికే ఆ కూర పేరు చోలెంట్. లిథువేనియాలోని విల్నాలో తన తల్లి ఈ కుండను రొట్టెల బట్టీకి పంపేదని, రొట్టెలు కాల్చడం అయిపోయాక బట్టీలో మిగిలిన వేడికే అది తెల్లారేసరికి ఉడికేదని ఒక యూదు తల్లి అమెరికాలో తన కొడుక్కి చెప్పింది. ఆ కొడుకు ఇర్వింగ్ నాక్సన్, వృత్తిరీత్యా ఇంజనీరు. లోపలి పాత్ర చుట్టూ వేడి తీగ చుట్టిన కరెంటు కుండకు 1936లో పేటెంట్ అడిగి, 1940లో పొందాడు. 1970లో ఆయన కంపెనీని రైవల్ సంస్థ కొని, మరుసటి ఏడాది ‘క్రాక్‌పాట్’ పేరుతో మార్కెట్లోకి దించింది. అమెరికాలో ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో ఉద్యోగాలకు వెళ్తున్న రోజులవి. పొద్దున్న మూత పెట్టి వెళ్తే సాయంత్రానికి కూర తయారు.

ఒక కుండ మాంసం నిషేధం వల్ల పుట్టింది, ఇంకొకటి నిప్పు నిషేధం వల్ల. రెండూ ఇప్పుడు ఒకే యంత్రంలో ఉడుకుతున్నాయి.

ఇక పనితనానికి వస్తే, కాడిల్‌లో అన్నిటికంటే పెద్ద తగాదా సాసేజ్‌ని వేయించాలా వద్దా అన్నది. వంట పుస్తకాలు సాధారణంగా ముందు ఎర్రగా వేయించమంటాయి. వాటి వాదనలో బలముంది. మాంసం ఎర్రబడి ఆ కమ్మటి వాసన రావాలంటే సుమారు 140 డిగ్రీల వేడి కావాలి. నీళ్లున్న కుండ ఎంత సేపు పెట్టినా 100 డిగ్రీలు దాటదు. కాబట్టి స్లో కుక్కర్ ఎన్ని గంటలు నడిచినా దేన్నీ ఎర్రబరచలేదు. అమెరికా తరహా సాసేజ్, దుంపల క్యాసరోల్ చేస్తుంటే, అందులో చీజ్, క్రీమ్ పడతాయి కనుక, ముందు వేయించుకోవడమే మేలు. కాడిల్‌కు మాత్రం నేను పాత డబ్లిన్ వాళ్ల పక్షం. ఐరిష్ సాసేజ్‌లో మాంసంతో పాటు రొట్టె పొడి కలుపుతారు. తెల్ల మిరియాలు, జాజికాయ వంటి మసాలాలు నూరి వేస్తారు. దాన్ని పెనం మీద వేయిస్తే కొవ్వు, దాంతో పాటు ఆ రుచి కొంత పెనంలోకే పోతాయి. పచ్చిగా వేస్తే కొవ్వు, ఉప్పు, మిరియాల ఘాటు మెల్లగా నీళ్లలోకి దిగుతాయి. ఆ నీళ్లను దుంప పీల్చుకుంటుంది. మనం పులుసులో ముక్క వేసేది ముక్క కోసం ఎంతో, పులుసు కోసం అంత. ఇక్కడా అదే. కాడిల్‌లో అసలు తినాల్సింది దుంప, తాగాల్సింది రసం. సాసేజ్ వాటికి రుచినిచ్చి తాను కొంచెం చప్పబడుతుంది. అది దాని లోపం కాదు, ఉద్యోగం.

నిదానంగా వండడానికి కారణం కూడా అందరూ అనుకునేది కాదు. మటన్ కాలు, బీఫ్ తొడ లాంటి గట్టి మాంసాల్లో కొలాజెన్ కరిగి జిలెటిన్ కావడానికి గంటలు కావాలి. సాసేజ్ ముందే నూరిన మాంసం. దాన్ని మెత్తబరచాల్సిన పనే లేదు, అరగంటలో ఉడుకుతుంది. మిగతా గంటలన్నీ రసం కోసం, దుంప కోసం, ఉల్లిపాయ తన కారం వదిలి తియ్యబడటం కోసం. ప్రెషర్ కుక్కర్‌లో నాలుగు విజిళ్లకు ఇదంతా అయిపోదా అని మనవాళ్లకు తప్పక అనిపిస్తుంది. అవుతుంది, కానీ ఆ ఉధృతికి సాసేజ్ తొక్క చీలి లోపలి ముద్ద బయటపడుతుంది, దుంప గుజ్జవుతుంది. విజిల్ వేయని కుక్కర్ మీద నమ్మకం కుదరడానికి మనకు కొంత టైమ్ పడుతుంది మరి.

నలుగురైదుగురికి కొలత ఇది. కిలో బంగాళాదుంపలు, అర కిలోకు కాస్త తక్కువగా సాసేజ్‌లు, పావు కిలో బేకన్, రెండు పెద్ద ఉల్లిపాయలు, ముప్పావు లీటరు లోపు నీళ్లు లేదా కోడి ఎముకల రసం. బేకన్‌ని విడిగా నీళ్లలో ఒక్క పొంగు రానిచ్చి ఆ నీళ్లు పారబోయాలి. నేను మొదటిసారి ఈ పని వదిలేసి, పైగా చెంచాడు ఉప్పు కూడా వేశాను. ఆ రోజు ఇంట్లో అందరం పెరుగన్నంతో సరిపెట్టుకున్నాం. ఉప్పు సంగతి చివర్లో రుచి చూశాకే ఆలోచించాలి. మిరియాల పొడి మాత్రం చేయి వెనక్కి తీయకుండా వేయొచ్చు.

దుంపకు అడుగున చోటు. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. స్లో కుక్కర్ వేడి గోడల నుంచి, అడుగు నుంచి వస్తుంది. మాంసం ముందు ఉడుకుతుంది, దుంప మొండికేస్తుంది. దానికి ఒక కారణముంది. దుంప చాలాసేపు 55 నుంచి 70 డిగ్రీల మధ్య నానితే దానిలోని ఎంజైమ్ ఒకటి కణాల గోడల్లోని పెక్టిన్‌ను గట్టిపరుస్తుంది. ఆ తర్వాత ఎంతసేపు ఉడికించినా ముక్క కరకరలాడుతూనే ఉంటుంది. చన్నీళ్లు పోసి ‘లో’ మీట మీద పెడితే కుండ ఆ మధ్య మెట్టు దగ్గరే చాలాసేపు తచ్చాడుతుంది. అందుకే పోసే నీళ్లు మరుగుతూ ఉండాలి. టమాటా, చింతపండు పడితే పులుపు కూడా దుంపను మెత్తబడనివ్వదు. మన నాలుక కోసం పులుపు కావాలనుకుంటే, దిగిన తర్వాత నిమ్మకాయ పిండుకోవాలి.

దుంపల్లోనూ రెండు జాతులు. ఉడికితే పిండిలా విరిగేవి ఐర్లండ్‌లో జనానికి ఇష్టం. రూస్టర్, కెర్స్ పింక్ లాంటి రకాలకు అక్కడ మనం సోనామసూరికి ఇచ్చేంత మర్యాద. గట్టిగా, జిగురుగా నిలిచేవి రెండో జాతి. సగం దుంపల్ని పల్చటి చక్రాలుగా కోసి అడుగున పరిస్తే అవి కరిగి రసాన్ని చిక్కబరుస్తాయి. మిగతా సగాన్ని పెద్ద ముక్కలుగా వేస్తే అవి నిలుస్తాయి. వాటి మీద ఉల్లిపాయ, బేకన్, అన్నిటికన్నా పైన సాసేజ్‌లు. వాటికి ఫోర్కుతో గాట్లు పెట్టకూడదు. నీళ్లు దుంపల్ని ముంచితే చాలు, సాసేజ్‌ల వీపులు బయట ఉన్నా పర్వాలేదు, ఆవిరికి ఉడుకుతాయి. లో మీద ఏడెనిమిది గంటలు, హై మీద నాలుగైదు. ఈ రెండు మీటలూ చివరికి చేరేది ఇంచుమించు ఒకే వేడికి, మరుగు దగ్గరికి. తేడా చేరే వేగంలోనే.

మధ్యలో మూత తీయకూడదు. ఒకసారి తీస్తే పోయిన వేడి తిరిగి రావడానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. మాటిమాటికీ మూత తీసి గరిటె తిప్పే అలవాటున్న మన వంటగదుల్లో ఇదే కష్టమైన నియమం. నూరిన మాంసం కనుక సాసేజ్ నడిబొడ్డు 71 డిగ్రీలు చేరాలి. ఫ్రీజర్‌లోంచి తీసిన గడ్డల్ని నేరుగా వేయకూడదు. మీరు ఇంట్లో లేనప్పుడు కరెంటు పోయి, ఎంతసేపు పోయిందో తెలియకపోతే కుండ పారబోయడమే. అన్నట్టు, రాజ్మా వేద్దామనే ఆలోచన ఎవరికైనా వస్తే, నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో అరగంట బాగా మరిగించాకే వేయాలి. ఆ గింజలోని విషపదార్థం స్లో కుక్కర్ మెత్తటి సెగకు చావదు.

పంది మాంసం తినని ఇళ్లలో కోడి సాసేజ్‌తో చేసుకోవచ్చు. మన సూపర్ మార్కెట్లలో దొరికేవి చాలావరకు ముందే ఉడికించినవి, వాటిని చివరి గంటలో వేస్తే చాలు. వాటిలో కొవ్వు తక్కువ కనుక రసం పల్చగా ఉంటుంది, ఒక చెంచా వెన్న వేస్తే కుదురుతుంది. దాన్ని కాడిల్ అనొచ్చా అని డబ్లిన్ వాళ్లను అడగకపోవడం మంచిది. క్యారెట్ వేసినందుకే వాళ్లలో వాళ్లు గొడవ పడతారు. క్యారెట్ పడితే తియ్యబడుతుందని ఒక వర్గం, మా అమ్మ వేసేదని ఇంకో వర్గం. బార్లీ సంగతీ అంతే. ఆక్స్‌టెయిల్ సూప్ పొడి కలిపి రసాన్ని గోధుమరంగు చేసేవాళ్లున్నారు. తెల్ల కాడిల్ వాళ్లు వాళ్లని మనిషి కింద లెక్కవేయరు.

గ్లాస్నెవిన్ శ్మశానాన్ని ఆనుకుని ‘గ్రేవ్‌డిగ్గర్స్’ అని పేరుపడ్డ పబ్ ఉంది. 1833 నుంచి నడుస్తోంది. శ్మశానంలో గోతులు తవ్వేవాళ్లు పని దిగి ఇక్కడ గొంతు తడుపుకునేవాళ్లట, పేరు అలా వచ్చింది. అమెరికన్ వంటగాడు ఆంథొనీ బోర్డెయిన్ తన టీవీ కార్యక్రమం కోసం అక్కడే కూర్చుని కాడిల్ తిన్నాడు. పక్కన సోడా బ్రెడ్ ముక్క. గిన్నె అడుగున మిగిలిన రసాన్ని ఆ రొట్టెతో తుడిచి తినకపోతే సగం వంట వదిలేసినట్టే.

మిగిలితే త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. మర్నాడు స్లో కుక్కర్‌లో వేడి చేయకూడదు, అది వేడెక్కడానికి తీసుకునే గంటల్లో పాడవడానికి అవకాశమిస్తుంది. పొయ్యి మీద గిన్నెలో వేడి చేసుకోవాలి. రాత్రికి రాత్రి రసం చిక్కబడుతుంది, మిరియాలు దుంపలోకి దిగుతాయి. నన్నడిగితే కాడిల్ అసలు రుచి ఆ రెండో రోజుదే. గురువారం వండుకుని తిన్న పాత డబ్లిన్ వాళ్లకు ఆ రుచి అందలేదు. వాళ్లకు మర్నాడు శుక్రవారం.