పొడి వేయగానే నీలం

హైదరాబాదులో బోరు నీళ్ళతో కాపురం చేసేవాళ్ళకు కొన్ని గుర్తులు ఎవరూ చెప్పకుండానే తెలుస్తాయి. కందిపప్పు నాలుగు విజిళ్ళు వచ్చినా బద్దలు బద్దలుగానే ఉంటుంది. సబ్బు నురగ రాదు, తెల్లటి తెట్టు కడుతుంది. గీజరు లోపల సున్నపు పెచ్చు పేరుకుంటుంది. ఇంట్లో సాఫ్ట్‌నర్ ఉండగానే మాకు ఇవన్నీ మళ్ళీ మొదలయ్యాయి. చూడకుండానే ఒకరు ఫోన్‌లో తేల్చేశారు: రెజిన్ పోయింది, కొత్తది వేయాలని. నమ్మబుద్ధి కాక ఇంకో మెకానిక్‌ని పిలిచాం. ఆయన వచ్చాక మొదట సంచిలోంచి తీసింది స్పానర్ కాదు, రెండు చిన్న సీసాలు.

ఒకదాంట్లో బోరు నీళ్ళు, ఇంకోదాంట్లో సాఫ్ట్‌నర్ నుంచి వచ్చే నీళ్ళు పట్టాడు. రెండింట్లోనూ చిటికెడు ఎరియోక్రోమ్ బ్లాక్ టి పొడి వేశాడు. రెండూ ద్రాక్షరంగుకు తిరిగాయి. కాల్షియం, మెగ్నీషియం ఉన్నాయన్నమాట. తర్వాత ఈడీటీఏ ద్రావణం చుక్క చుక్కగా వదులుతూ, రంగు నీలం అయ్యేదాకా లెక్కపెట్టాడు. ఆ కిట్‌లో చుక్కకు లీటరుకు 25 మిల్లీగ్రాముల కాఠిన్యం లెక్క. బోరు నీళ్ళకు ఇరవై రెండు చుక్కలు, అంటే 550. సాఫ్ట్‌నర్ నీళ్ళకు ఇరవై ఒకటి. తాగునీటికి భారత ప్రమాణం 200 దాటకూడదంటుంది. వేరే నీళ్ళు లేనిచోట 600 వరకు ఒప్పుకుంటుంది.

నీళ్ళలో కరిగినవన్నీ కలిపి చూపించే టీడీఎస్ మీటర్ కూడా ఆయన దగ్గరుంది. తీయలేదు. అమ్మేవాళ్ళు దాన్నే ముందు చూపిస్తారు గానీ, ఈ పనికి అది సాక్ష్యం కాదు. నీళ్ళలో కరిగినదాన్ని సాఫ్ట్‌నర్ తగ్గించదు, మారుస్తుంది. ఇసుక రేణువుల్లాంటి రెజిన్ పూసలు సోడియాన్ని పట్టుకుని ఉంటాయి. ఒక కాల్షియం అయాన్ వచ్చి కూర్చుంటే రెండు సోడియం అయాన్లు లేచిపోతాయి. పూసలన్నీ నిండిపోయాక గాఢమైన ఉప్పు నీళ్ళు పంపిస్తే, సోడియం గుంపు బలంతో కాల్షియాన్ని మళ్ళీ తోసేస్తుంది. ఫ్లోరైడ్ జోలికి ఇది పోదు. రుణావేశమున్న అయాన్‌ను ఈ పూసలు పట్టవు. ఫ్లోరైడ్ బెడద ఉన్న నల్లగొండ వైపు బంధువులున్నవాళ్ళు ఈ తేడా తెలుసుకుని ఉండాలి.

“ఉప్పు ఎన్నాళ్ళకోసారి పోస్తున్నారు సార్?” అని అడిగాడు. రెండు నెలలుగా పోయాల్సిన అవసరమే రాలేదన్నాను. ఆయనకు సగం జవాబు దొరికింది. బైపాస్ వాల్వ్ చూశాడు, సరిగానే ఉంది. ఉప్పు ట్యాంకులో పొడవాటి కర్ర నెమ్మదిగా దించాడు. పైన ఉప్పు గడ్డకట్టి కింద బోలుగా ఉంటే కర్ర ఒక్కసారిగా జారిపోతుందట, జారలేదు. అప్పుడు మెషిన్‌ని చేత్తో తిప్పి ఉప్పునీళ్ళు లాగే దశలో పెట్టాడు. ఉప్పు ట్యాంకు నుంచి సన్నటి గొట్టం ఊడదీసి గ్లాసుడు నీళ్ళలో ముంచాడు. నీళ్ళు కదల్లేదు. డ్రెయిన్ గొట్టంలోంచి మాత్రం ధార వస్తోంది. తప్పు ఎక్కడుందో ఇప్పుడు వేలుపెట్టి చూపించవచ్చు: ఇంజెక్టర్.

ఈ ఇంజెక్టర్ గుండుసూది బెజ్జమంత నాజిల్. ఇరుకులోంచి నీళ్ళు వేగంగా పోతే అక్కడ పీడనం తగ్గి, పక్క గొట్టంలోని ఉప్పునీళ్ళు లోపలికి వచ్చేస్తాయి. ఉప్పునీళ్ళు లాగడానికి మోటారు లేదు, పంపు లేదు. ఆ పనంతా ఈ బెజ్జం మీదే ఆధారపడి ఉంది.

నీళ్ళు కట్టేసి, ఒత్తిడి వదిలి, రెండు మరలు విప్పాడు. జల్లెడ నిండా ఎర్రటి ఒండు. నాజిల్‌ను వెలుతురుకు పట్టి చూపించాడు: వెలుగు సరిగా రావడం లేదు. నేను పిన్నీసు ఇవ్వబోతే వద్దన్నాడు. బెజ్జం గీసుకుపోయినా, వెంట్రుకవాసి పెద్దదైనా లాగే బలం పోతుంది. గోరువెచ్చని నీళ్ళలో నిమ్మ ఉప్పు కలిపి నానబెట్టాడు, మెత్తటి బ్రష్‌తో తుడిచాడు, నోటితో ఊదాడు, మళ్ళీ వెలుతురుకు పట్టాడు. అలా మూడుసార్లు. రబ్బరు రింగుకు సిలికాన్ గ్రీజు కాటుక పెట్టినంత పల్చగా రాశాడు. వాజిలిన్ లాంటివి కొన్ని రబ్బర్లను ఉబ్బిస్తాయి. బిగించాక నీళ్ళు ఒక్కసారిగా వదలలేదు. వాల్వ్‌ను కొద్దికొద్దిగా తెరిచాడు, లోపలి పూసలు ఒక్క ఉదుటున పైకి లేవకుండా.

గొట్టం మళ్ళీ గ్లాసులో ముంచాడు. చూస్తుండగానే నీళ్ళు దిగిపోయాయి.

గంటన్నరకు శుద్ధి పూర్తయింది. పరీక్షిస్తే నాలుగు చుక్కలు. నాకైతే చాలనిపించింది, ఆయనకు అనిపించలేదు. రెండు నెలలు నిండి ఉన్న పూసలకు ఒక్కసారి సరిపోదని, రాత్రికి ఇంకో విడత పెట్టాడు. ట్యాంకులో ఉప్పు ఎంతవరకు ఉందో మార్కర్‌తో గీత గీసి పక్కన తేదీ వేశాడు. కాసిని చుక్కల మందు, పొడి నాకిచ్చి వెళ్ళాడు. రెజిన్ మార్చలేదు.

మర్నాడు పొద్దున్నే సీసాలో నీళ్ళు పట్టాను. పొడి వేయగానే నీలం, చుక్కతో పనిలేకపోయింది. ఉప్పు గీతకు రెండు వేళ్ళు కిందికి దిగి ఉంది.