ఫొటోలోని ‘ఏ’కారం

‘నేనే నిన్న అనంతగిరి వెళ్లాను’, ‘నేను నిన్ననే అనంతగిరి వెళ్లాను’, ‘నేను నిన్న అనంతగిరే వెళ్లాను’. మూడింటిలోనూ మాటలు అవే, ‘ఏ’ తగిలిన చోటే వేరు. మొదటి దాంట్లో మనిషి ముందుకొస్తాడు, రెండో దాంట్లో రోజు, మూడో దాంట్లో ఊరు. ఫొటోలో ఈ పని చేసేది ఫోకస్ పాయింట్. బొమ్మ క్లియర్‌గా రావడానికి తీసుకునే జాగ్రత్తగా మాత్రమే దాన్ని నేర్పడం పొరపాటని నా అభిప్రాయం. ఫొటో దేని గురించో తేల్చేది అదే.

వానాకాలపు అనంతగిరినే తీసుకుందాం. వికారాబాద్ పక్కన, మూసీ పుట్టే గుట్టలివి. ముందు ఒక కొమ్మకు సాలెగూడు, దాని నిండా నీటిబొట్లు. వెనక లోయ, లోయ నిండా పొగమంచు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 50 ఎం.ఎం. లెన్సు తగిలించి, అపర్చర్ (లెన్సు రంధ్రం) ఎఫ్/1.8 పెట్టి, మీటరు దూరంలోని గూటి మీద ఫోకస్ చేస్తే స్పష్టంగా కనిపించేది సుమారు 4 సెంటీమీటర్ల మందమే. లోయ తెల్లటి మరకగా కరిగిపోతుంది. ఇప్పుడే వాన వెలిసిందని ఆ ఫొటో చెబుతుంది. ఫోకస్‌ను లోయ మీదికి జరపండి, గూడు దాదాపు మాయమవుతుంది. అప్పుడు ఫొటో దూరం గురించి మాట్లాడుతుంది. కొమ్మ కదల్లేదు, కెమెరా కదల్లేదు. ఈ నిర్ణయాన్ని ఆటోఫోకస్‌కు వదిలేస్తే వచ్చే చిక్కు మంచులోనే బాగా తెలుస్తుంది. ఆటోఫోకస్ వెలుగునీడల అంచుల కోసం వెతుకుతుంది. మంచులో అంచులుండవు. లెన్సు ముందుకూ వెనక్కూ తడుముకుని, దొరికిన మొదటి నల్లటి మోడు మీద ఆగిపోతుంది. ఎవరూ అనుకోని ఆ మోడే ఫొటోకు కథానాయకుడైపోతుంది.

అన్నీ స్పష్టంగా వచ్చేలా తీస్తే ఈ గొడవే ఉండదు కదా అనేవారున్నారు. 24 ఎం.ఎం. లెన్సును ఎఫ్/8 వద్ద 2.4 మీటర్లకు ఫోకస్ చేస్తే సుమారు 1.2 మీటర్ల నుంచి దిగంతం దాకా చాలినంత స్పష్టంగానే వస్తుంది. 1932లో ఆన్సెల్ ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్ ప్రభృతులు కాలిఫోర్నియాలో కట్టిన బృందానికి అతి చిన్న అపర్చర్ పేరిట ‘ఎఫ్/64’ అని పేరు పెట్టుకున్నది ఈ స్పష్టత మీది మమకారంతోనే. రాయీ గడ్డీ లోయా సమానంగా ముఖ్యమైనప్పుడు నేనూ అదే పద్ధతికి ఓటేస్తాను. ‘ఏ’ లేని వాక్యమూ వాక్యమే. అయితే అన్నీ సమానమని చెప్పడం కూడా ఒక నిర్ణయమే, తప్పించుకోవడం కాదు.

మనిషి దగ్గరికొచ్చేసరికి ఈ నిర్ణయం బరువెక్కుతుంది. తాండూరు నాపరాతి గనిలో ఉలి పట్టుకున్న కార్మికుణ్ణి 85 ఎం.ఎం. లెన్సుతో, ఎఫ్/1.8లో, రెండు మీటర్ల నుంచి తీస్తే స్పష్టంగా ఉండేది ఇంచుమించు 6 సెంటీమీటర్లు. కళ్లు కావాలంటే ముందుకు చాచిన చేతులు వదులుకోవాలి. చేతుల మీద పెడితే వేళ్ల పగుళ్లలోని రాతిపొడి, సుత్తి దెబ్బలకు పువ్వులా విచ్చుకున్న ఉలి తల కనిపిస్తాయి, ముఖం మసకబారుతుంది. అది మనిషిని వట్టి కూలిగా మార్చడం కాదా అంటే, ఆ ప్రమాదం ఉంది. ఎప్పుడూ చేతులే అచ్చేసే పత్రిక, పని ముఖ్యం, మనిషి కాదని పాఠకుడికి చెబుతున్నట్టే. పని గురించే చెప్పాల్సిన చోట చేతులు ఎంచుకోవడం న్యాయం. కళ్లు తప్పిపోయాయి కాబట్టి చేతులు మిగలడం న్యాయం కాదు.

కొన్ని ఫోన్లలో ఫోకస్‌ను తర్వాతా మార్చుకోవచ్చు, నిజమే. కానీ తర్వాత చేసే ఎంపికా ఎంపికే, పైగా మనం ఎక్కడ నిలబడ్డామో అది మార్చలేదు. చాలా ఫోన్లలో తెర మీద వేలు కాసేపు నొక్కి ఉంచితే ఫోకస్ అక్కడే నిలిచిపోతుంది. ఈసారి అనంతగిరి వెళితే సాలెగూటికి జానెడు దూరంలో ఫోన్ పట్టుకుని, ఒకసారి గూటి మీద, ఒకసారి లోయ మీద నొక్కి రెండు ఫొటోలు తీయండి. ఇంటికొచ్చాక పక్కపక్కన పెట్టి చూడండి.