పూటకూళ్ళమ్మ ఇరవై రూపాయలు

కన్యాశుల్కం గురించి మాట్లాడమంటే మనం గిరీశం దగ్గర మొదలుపెడతాం. అతని ఇంగ్లీషు, అతని చుట్ట, వెంకటేశానికి అతను చెప్పే చదువు. కానీ తెర లేవగానే అతను చెప్పుకునే సంగతుల్లో ఒక డబ్బు వ్యవహారం ఉంది. సంతలో సామాను కొనిపెడతానని పూటకూళ్ళమ్మ దగ్గర ఇరవై రూపాయలు పట్టుకెళ్ళాడు. సామాను కొనలేదు. ఆ డబ్బు మధురవాణి కోసం తగలేశాడు. ఇక ఊళ్ళో ఉంటే పరువు దక్కదు కాబట్టి శిష్యుడి వెంట అగ్రహారానికి ప్రయాణం కట్టాడు. బుచ్చమ్మ కథంతా ఆ ప్రయాణం నుంచే పుడుతుంది.

ముందే డబ్బు కట్టి, సరుకు అందక, డబ్బు తీసుకున్నవాడి కోసం వెతుక్కునే మనిషిని ఇవాళ కస్టమర్ అంటాం. మన ఆధునిక సాహిత్యంలో అలాంటి తొలి కస్టమర్లలో పూటకూళ్ళమ్మ ఒకరు. నాటకంలో ఆమెకి సొంత పేరు కూడా లేదు, చేసే పనే పేరు. 1892లో మొదటిసారి ఆడిన ఈ నాటకాన్ని గురజాడ బాగా పెంచి, తిరగరాసి 1909లో మళ్ళీ అచ్చువేశారు. అప్పటి నుంచి దాని మీద ఎంత చర్చ జరిగిందో మనకి తెలుసు. ఆ చర్చలో ఇరవై రూపాయల ఊసు వినిపించడం తక్కువ. మోసం కథల్లో మనం ఎవరి వెంట నడుస్తాం? ఎందుకు నడుస్తాం? ఈ వ్యాసం దాని గురించి.

ఇలాంటి కథే నూరేళ్ళ తర్వాత కాలిఫోర్నియాలో జరిగింది. బర్క్‌లీలో ప్రీమియర్ క్రూ అనే వైన్ షాపు ఉండేది. దాని ప్రత్యేకత ముందస్తు అమ్మకం. యూరప్ నుంచి రావాల్సిన వైన్‌కి ఇప్పుడే డబ్బు కట్టేస్తే తక్కువ ధరకి వస్తుంది, సీసా మాత్రం ఏడాదికో రెండేళ్ళకో అందుతుంది. చాలా సీసాలు అసలు ఆర్డరే చేయలేదని తర్వాత తేలింది. కొత్తవాళ్ళు కట్టిన డబ్బుతో పాతవాళ్ళకి వైన్ కొనిస్తూ బండి నడిపారు. 2016 జనవరిలో కంపెనీ దివాలా పిటిషన్ వేసేనాటికి అప్పులు దాదాపు 7 కోట్ల డాలర్లు, నష్టపోయిన కస్టమర్లు వేలల్లో. యజమాని జాన్ ఫాక్స్ అదే ఏడాది ఆగస్టులో నేరం ఒప్పుకున్నాడు. డిసెంబరులో ఆరున్నరేళ్ళ జైలుశిక్ష పడింది. డబ్బు ఎటు పోయిందంటే ఖరీదైన కార్లు, గోల్ఫ్ క్లబ్బులు, ఆన్‌లైన్‌లో పరిచయమైన ఆడవాళ్ళు. సంత సామాను డబ్బుకి పట్టిన గతి గుర్తుకు రావడం లేదూ?

ఈ కేసు గురించి ఎవరికి చెప్పినా కార్ల దగ్గర కళ్ళు మెరుస్తాయి. కస్టమర్ల దగ్గరికొచ్చేసరికి, వైన్ తాగే డబ్బున్నవాళ్ళేగా పోనీలే అంటారు. నాకు మాత్రం అందులో గోడౌన్ తగువు ఆసక్తిగా అనిపించింది. మిగిలిన సీసాలు ఎవరివి? నా పేరు చీటీ అంటించి పక్కన పెట్టిన సీసా నాదా, లేక అప్పులవాళ్ళందరి ఉమ్మడి సొత్తా? డబ్బు కట్టేశాను కాబట్టి వస్తువు నాదే అనుకుంటూ బతికిన మనిషి, ఒకరోజు పొద్దున్నే లేచేసరికి వేలమంది ఉన్న జాబితాలో ఒక వరస నంబర్ అయిపోతాడు. నా దృష్టిలో అసలు కథ అక్కడ మొదలవుతుంది.

వైన్‌ని పక్కన పెట్టి మన దగ్గరికొద్దాం. విజయవాడ కేంద్రంగా 1995లో మొదలైన అగ్రిగోల్డ్‌ది కూడా ఇలాంటి అమరికే. నెలనెలా వాయిదా కట్టు, గడువు తీరాక ప్లాటు తీసుకో, లేదా డబ్బు తీసుకో. దర్యాప్తు సంస్థల లెక్క ప్రకారం 32 లక్షల ఖాతాలు, దాదాపు 6,380 కోట్ల రూపాయలు. 2014 చివరికొచ్చేసరికి చెల్లింపులు ఆగిపోయాయి. కేసులు, అరెస్టులు, జప్తులు, హైకోర్టు వాయిదాలు. 2019 నవంబరులో పదివేల లోపు కట్టినవాళ్ళకి, 2021 ఆగస్టులో ఇరవైవేల లోపు కట్టినవాళ్ళకి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన ఖజానా నుంచి డబ్బు ఇచ్చింది. ఆ గీత దాటి కట్టినవాళ్ళు కోర్టు వైపు చూస్తూ ఉండిపోయారు.

మా కర్నూలు వైపు దీనికో చదువుల రూపం కూడా వచ్చింది. కేశవరెడ్డి విద్యాసంస్థలు పిల్లల్ని చేర్చుకునేటప్పుడు తల్లిదండ్రుల దగ్గర డిపాజిట్ తీసుకున్నాయి. వడ్డీ కింద ఫీజు సరిపోతుంది, పదో తరగతి అయ్యాక అసలు తిరిగిస్తామన్నది మాట. ఇవ్వలేదన్న ఫిర్యాదుల మీద 2017లో ఆ సంస్థల అధిపతిని అరెస్టు చేశారు.

ఇలాంటివి విన్నప్పుడు మన నోటి నుంచి వచ్చే మొదటి మాట, దురాశ దుఃఖానికి చేటు. ఈ సామెత ఒక విమర్శ పద్ధతి కూడా. బాధితుణ్ణి దోషిగా నిలబెట్టి ఫైలు మూసేస్తుంది. కానీ పూటకూళ్ళమ్మకి ఏం ఆశ? ఆమెకి రావాల్సింది వడ్డీ కాదు, వంటకి సామాను. పిల్లాడి చదువుకి అసలు కట్టిన తండ్రిది ఏం దురాశ? ఇందులో లాభం ఆశించినవాళ్ళు లేరని నేను అనను. వైన్ చవకగా వస్తుందని కట్టినవాళ్ళూ ఉన్నారు. ఆ ఒక్క మాటతో అందరినీ కొలిచేయడం మాత్రం చదవడానికి బద్ధకించడమే.

కోడుమూరు మా ఊరు. హంద్రీలో నీళ్ళు ఎప్పుడుంటాయో వానదేవుడికే తెలియాలి. బుడ్డలో పత్తో వేస్తే, లెక్క చేతికొచ్చేది ఏడాదికోసారి, అదీ వాన పడితే. మా వైపు డబ్బుని లెక్క అంటాం. చేతిలో లెక్క ఉంటే ఏదో ఒక ఖర్చుకి కరిగిపోతుంది కాబట్టి, ఇంటికొచ్చి ఖచ్చితంగా వసూలు చేసుకునే మనిషి ఒకడుండటం ఆడవాళ్ళకి పెద్ద ఆసరా. ఆ మనిషి తెలిసినవాడు, వరసకి తమ్ముడో అల్లుడో. కాగితం చూసి కట్టినవాళ్ళకంటే మొహం చూసి కట్టినవాళ్ళే ఎక్కువ.

మా చిన్నమ్మ ఇట్లాగే ఒక కంపెనీకి కట్టింది. కంపెనీ లేచిపోయింది. బాండు ఇప్పటికీ ట్రంకు పెట్టెలో రేషన్ కార్డు పక్కన ఉంది. నేను ఫోన్ చేసినప్పుడల్లా కోర్టు సంగతి అడుగుతుందేమో అనుకునేవాణ్ణి. ఒకసారి ఇంకోటి అడిగింది: "ముంచినోడు యాడుండాడో నాకు తెల్దు నాయనా. కట్టించుకున్నోడు మన వీధిలోనే ఉండాడు. వాళ్ళింట్లో పెండ్లి. పోవాల్నా వద్దా?"

ఈ ప్రశ్నకి ఏ కోర్టులోనూ జవాబు లేదు. దీన్ని పట్టుకోగలిగేది కథే.

ఇప్పుడు మళ్ళీ మొదటి అంకం చూడండి. పూటకూళ్ళమ్మ చీపురుకట్టతో మధురవాణి ఇంటికొస్తుంది. గిరీశం అప్పటికే మంచం కింద ఉన్నాడు. రామప్పంతులు కూడా అక్కడే దూరాడు. దెబ్బ పడింది రామప్పంతులు మీద, తప్పించుకుపోయింది గిరీశం. నూటపాతికేళ్ళుగా ఈ దృశ్యానికి హాలంతా నవ్వుతోంది, నవ్వాలి కూడా. అయితే అగ్రిగోల్డ్ తర్వాతి సంవత్సరాల్ని చూసినవాళ్ళకి ఇందులో ఇంకోటి కనిపిస్తుంది. చైర్మన్ ఎక్కడో ఉన్నాడు, చీపురు ఏజెంటు వీపు మీద పడింది. ఊళ్ళు వదిలిపోయిన ఏజెంట్లున్నారు, ప్రాణాలు తీసుకున్నవాళ్ళున్నారు. వాళ్ళలో చాలామంది సొంత డబ్బు కూడా అందులోనే పెట్టారు. కమీషన్ తిన్నదీ నిజమే. రామప్పంతులు అమాయకుడు కానట్టే వీళ్ళనీ పూర్తిగా అమాయకులనలేం. ఆ దెబ్బ మాత్రం వాళ్ళకి ఉద్దేశించింది కాదు. బాధితులు పెట్టుకున్న సంఘం పేరులో కస్టమర్లు, ఏజెంట్లు ఇద్దరూ ఉండటం నాకు గొప్ప సాహిత్య వివరంలా కనిపిస్తుంది. కొట్టినవాళ్ళూ దెబ్బలు తిన్నవాళ్ళూ ఒకే బ్యానర్ కింద ధర్నాలో కూర్చున్నారు.

గురజాడ పూటకూళ్ళమ్మకి చీపురిచ్చారు, నోరిచ్చారు. ఆమె మోసపోయింది గానీ మూర్ఖురాలు కాదు. ఆమెని ఒక జోక్ చేసి వదిలేసింది మనం. 1955 సినిమాలో గిరీశం వేషం ఎన్.టి.రామారావుది. అంతకంటే చెప్పాలా? తెలివైన మోసగాడంటే మనకి ముచ్చట. అతని భాష బాగుంటుంది. మోసపోయినవాళ్ళ భాష మళ్ళీ మళ్ళీ అదే మాట చెప్తుంది, విసుగొస్తుంది.

సీమ కథ ఈ లోటు తీరుస్తుందని నేను ఎదురుచూశాను. కేతు విశ్వనాథరెడ్డి, సింగమనేని నారాయణ మనకి కరువునీ అప్పునీ లోపలి నుంచి చూపించారు. నేను చదివినంతలో మన కథ అప్పుపడ్డ రైతుని చూసినంత దగ్గరగా, పొదుపు పోగొట్టుకున్న మనిషిని చూడలేదు. అప్పుకి ఎదురుగా ఒక వడ్డీవ్యాపారి ఉంటాడు, కోపానికి ఒక మొహం దొరుకుతుంది. పొదుపు పోయినప్పుడు ఎదురుగా ఉండేది తాళం వేసిన బ్రాంచి ఆఫీసు, పక్కింట్లో తలదించుకున్న బంధువు.

నేను చేసే సాఫ్ట్‌వేర్ పనిలో ఏదైనా సిస్టమ్ కూలిపోతే రిపోర్టు రాయాలి. అందులో ఎవరు కూల్చారన్నదాని కంటే ముందు, ఎవరికి ఏం ఆగిపోయింది, ఎంతసేపు ఆగిపోయింది అని రాస్తాం. మోసం కథలకి ఆ క్రమం పనికొస్తుందని నా అభిప్రాయం. ఆగిన పెళ్ళి, మానేసిన చదువు, భర్తకి తెలియకుండా కట్టిన వాయిదాలు బయటపడ్డ రాత్రి. ఈ కథకి క్లైమాక్స్ దొరకదు. జెరాక్సులు దొరుకుతాయి, ఆధార్ మీద ఒక రకంగా, బాండు మీద ఇంకో రకంగా పడ్డ పేరు దొరుకుతుంది, పదివేల గీతకి ఐదొందలు ఎక్కువ కట్టిన మనిషి దొరుకుతుంది. పదేళ్ళు సాగే ఎదురుచూపుని విసుగు పుట్టకుండా రాయడం కష్టం. ఆ విసుగుని వదలకుండా రాయడం ఇంకా కష్టం. మన కొత్త కథకులు తీసుకోదగ్గ సవాలు ఇదే అనుకుంటాను.

కన్యాశుల్కం ఎవరైనా మళ్ళీ ఆడించబోతే వాళ్ళకి ఒక చిన్న మనవి. మొదటి అంకంలో చీపురు దెబ్బ పడ్డాక హాలు గొల్లుమంటుంది. ఆ నవ్వు సద్దుమణిగేదాకా వెలుగుని గిరీశం పారిపోయిన వైపు తిప్పకండి. పూటకూళ్ళమ్మని కాసేపు అక్కడే నిలబెట్టండి. రేపు పొద్దున ఆమె మళ్ళీ పదిమందికి వండి పెట్టాలి, సామాను ఇంకా రాలేదు.