షికారు పాటలో లేని చెయ్యి

మీ ఇళ్ళల్లో సంగతి నాకు తెలియదు గాని, మా ఇంట్లో పాత పాట పెట్టందే కారు గుమ్మం దాటదు. కారంటే గొప్పదేం కాదండోయ్, సెకండ్‌హ్యాండ్‌లో కొన్న పాత మారుతి. హన్మకొండ చౌరస్తా ఎండలో నాలుగు నిమిషాలు ఆగిందంటే అలుగుతుంది. పాట మారిస్తే మాత్రం మా అమ్మ అలుగుతుంది.

మొన్న అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని భద్రకాళి గుడికి బయల్దేరాను. ‘తోడికోడళ్ళు’లోని కారు షికారు పాట వచ్చింది. 1957 నాటిది. రాసింది ఆత్రేయ. శ్రీశ్రీదేనని పందెం కాసేవాళ్ళు ఇప్పటికీ తగులుతారు, కాయకండి, ఓడిపోతారు! మాస్టర్ వేణు బాణీ నడకలా తేలిగ్గా సాగుతుంది. ఘంటసాల గొంతులో కోపం లేదు, కొంటెతనం ఉంది. నీ మేడకు రాయెక్కడిది, నీ ఒంటిమీద చీరెక్కడిది అని పొడుపుకథ వేసినట్టు అడుగుతాడు. ఆ నవ్వు మాటునే చురక. నినాదాలిచ్చిన పాటలెన్నో మరుగున పడ్డా ఇది నిలిచిందంటే అందుకేనని నా నమ్మకం.

అయినా నాకో పేచీ ఉంది. కారు ఎవరి పేర ఉందో గాని, నిలదీయడం మాత్రం అందులో కూర్చున్న అమ్మాయిని! 1957లో ఎంతమంది ఆడపిల్లల పేర కార్లుండేవి చెప్పండి? అదే ఏడు ‘మాయాబజార్’లో పడవెక్కిన పిల్లకి వెన్నెలా, వలపూను. పడవెక్కితే ప్రియురాలు, కారెక్కితే ముద్దాయి!

ఈ మాటే అమ్మతో అన్నాను. ఆవిడ దాన్ని పట్టించుకోలేదు.

“చీర నేసినోళ్ళ ముచ్చటే జెప్పిండు గాని, ఆసు ఎవరు వోసిన్రో అడగకపాయె” అంది.

అమ్మ పుట్టిల్లు పోచంపల్లి. ఆసంటే తెలియని వాళ్ళకోసం చెబుతున్నాను. రంగులద్దడానికి ముందు, అర్ధచంద్రాకారంలో వరసగా ఉన్న మేకుల మీదికి నూలు పోయాలి. చెయ్యి అటూ ఇటూ ఆడుతూనే ఉండాలి, ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు. నేతిళ్ళలో అది ఆడవాళ్ళ పని. మగ్గం మీద కూర్చున్నవాడు నేతగాడు. ఆసు పోసినామెకు పేరేదీ? ఆలేరులో చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక 1999 నాటికి ఆసుయంత్రం తయారుచేసి, దానికి ఆవిడ పేరే పెట్టుకున్నాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. పాటలో లేని చెయ్యి కొడుకు కంట పడింది.

ఆత్రేయను తప్పు పట్టేటంత దాన్ని కాను. మూడు చరణాల్లో లోకంలోని చేతులన్నీ ఎక్కడ పడతాయి? పైగా ‘ఇదెలా వచ్చింది’ అని అడగడం నేర్పిందే ఆ పాట. అమ్మ ఆ ప్రశ్ననే తిప్పి పాటనడిగింది. చదువుకున్న నేనేమో కారు కాగితాల దగ్గరే ఆగిపోయాను.

గుడి నుంచి తిరిగొచ్చి కారెక్కాక, “గా పాట ఇంకోపాలి వెట్టు బిడ్డా” అంది. ముందుగా వంగి ఆవిడ సీటు బెల్టు నేనే లాగి పెట్టాను. ఆ చెయ్యి అంత ఎత్తుకు లేవదు.